మళ్లీ ఎక్కిన తొమ్మిది కిలోలు

అతను బరువు తగ్గడానికి సూరత్‌లో పొట్ట ఆపరేషన్ చేయించుకుని రెండేళ్లయింది. ఆ మధ్యాహ్నం అక్క హంసాబెన్ ఇంటి నుంచి రాగానే భార్య గుమ్మంలోనే నిలదీసింది.

"హంసాబెన్ ఇంట్లో మామిడిరసం ఎన్ని గిన్నెలు తాగారు?"

"రెండే. రొట్టె దిగదు, రసమైతే జారిపోతుంది."

"అందుకే తొమ్మిది కిలోలు మళ్లీ ఎక్కాయి. షుగరు మాత్రలూ మొదలయ్యాయి. ఏడాదిగా ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లలేదు?"

"కోసింది పొట్టనే, ఆకలిని కాదు. నీకేం తెలుసు?"

"నాకా? మీ కోసం రెండేళ్లుగా అలవాటుగా పప్పులో వేసే బెల్లం కూడా మానేశాను. అడిగినదానికి చెప్పండి."

"ఆ ఆసుపత్రిలో గోడకు నా ఫొటో పెట్టారు, బాగా సన్నబడ్డానని. ఈ పొట్టేసుకుని దాని కింద ఎలా కూర్చోమంటావు?"

ఆమె ఇంటి తాళం అందుకుంది.

"చెప్పులు విప్పకండి, ఇప్పుడే వెళ్దాం. వాళ్లు తీయకపోతే ఆ ఫొటో నేనే పీకేస్తాను."