బల్ల మీది చెక్క ముక్క

సభకు పెద్దగా కూర్చున్న మేనేజరు గారికి, నెలకోసారి వచ్చి మా నాడి చూసే నర్సమ్మ గారికి, ఇక్కడి మిషన్లన్నిటికీ వైద్యం చేసి నాకంటే ముందే రిటైరైన మెకానిక్ బాబాయికి, నా లైనులో చొక్కాలు కుట్టే ముప్పై నాలుగు మంది అక్కచెల్లెళ్ళకు, వెనక వరసలో నా ప్రసంగం ఎప్పుడు ముగుస్తుందా అని గడియారం చూస్తున్న మా ఆయనకు, అందరికీ నమస్కారం. (నవ్వులు)

నిన్న కూర్చుని రెండు పేజీలు రాసుకున్నాను. అవి చదవను, మడిచి పక్కన పెడుతున్నాను. పది నిమిషాల కిందట బాబాయి వేదిక మీదికి వచ్చి పూలగుత్తి ఇస్తూ నా చెవిలో ఒక మాట అన్నాడు, మీరంతా ఆశీర్వాదం అనుకుని చప్పట్లు కొట్టారు. అది ఆశీర్వాదం కాదు.

ఆ మాట చెప్పేముందు, ఈ బల్ల మీద ఉన్నదేమిటో బయటి నుంచి వచ్చిన పెద్దలకు చెప్పాలి. జానెడు చెక్క ముక్క, చివర బెజ్జం, అందులో తాడు. ఇరవై ఆరేళ్ళుగా నా కుర్చీ పక్క మేకుకు వేలాడింది. మా లైనులో బాత్రూముకు వెళ్ళాలంటే ఈ చెక్క పట్టుకుని వెళ్ళాలి, వచ్చి మళ్ళీ తగిలించాలి. చెక్క మేకుకు లేకపోతే ఇంకొకరు లేవకూడదు. ముప్పై నాలుగు మందికి ఒక్క చెక్క. ఇవాళ దీనికి వార్నిష్ వేయించి, రిబ్బను కట్టి, నా చేతుల మీదుగా కొత్త సూపర్‌వైజరమ్మకు అప్పగించాలని ఏర్పాటు చేశారు.

ఇందాక మేనేజరు గారు, "ఈవిడ లైనులో మిషను ఆగదు, మనిషి లేవదు" అన్నారు. నేను మురిసిపోయాను, అబద్ధమెందుకు. మనిషి లేవకపోవడానికి నేనేం చేశానో మీకు తెలుసు. ఎవరైనా మొహమాటంగా వచ్చి నిలబడితే, "నిండు కుండ తొణకదమ్మా, కాసేపు ఓర్చుకో" అనేదాన్ని. నెలలు నిండిన పిల్లతో కూడా అన్నాను. ఆ పిల్ల ఇప్పుడు మూడో వరసలో కూర్చుని ఉంది, నవ్వుతోంది కూడా. నవ్వకమ్మా.

పోయిన నెల నర్సమ్మ గారు మా అందరికీ మూత్ర పరీక్షలు చేశారు. ముప్పై నాలుగు సీసాల్లో పదిహేనింటిలో ఇన్ఫెక్షన్. నాతో కలిపి పదహారు. "పరీక్షలో ఏదో తప్పు జరిగి ఉంటుంది, మాకది వేడి చేయడం, అంతే" అని వాదించాను. మంట పుడితే వేడి, నడుం లాగితే వేడి, చలిజ్వరం వస్తే కూడా వేడేనని ఇన్నేళ్ళూ అనుకున్నాం. ఆవిడ విసుక్కోకుండా నన్ను కూర్చోబెట్టి, అట్ట మీద బొమ్మ గీశారు.

వెన్నుకు అటూ ఇటూ, పక్కటెముకల దిగువన, పిడికిలంత కిడ్నీలు రెండు. ఒంట్లో ఉన్న రక్తమంతా రోజంతా మళ్ళీ మళ్ళీ వాటి గుండా పోతూనే ఉంటుందట. రోజుకు నూట ఎనభై లీటర్ల దాకా వడకట్టి, పనికొచ్చేదంతా తిరిగి రక్తంలోకి పంపి, మిగిలిన లీటరున్నర, రెండు లీటర్లనే బయటికి తోస్తాయట. నేను నోరు తెరిచాను. ఈ ఫ్యాక్టరీలో అంత పని చేసి అంత తక్కువ వేస్టు చూపించినవాళ్ళెవరూ లేరు మేనేజరు గారూ. (నవ్వులు) అక్కణ్ణుంచి రెండు సన్నటి గొట్టాలు కింద మూత్రసంచిలోకి దిగుతాయి. ఆ సంచి సగం నిండగానే మెదడుకు కబురు పంపుతుంది. మనం ఆ కబురు విని కూడా కూర్చుంటాం. ఆడవాళ్ళకు బయటికి వచ్చే దారి చిన్నది కాబట్టి క్రిములు తొందరగా పైకెక్కుతాయట. మామూలుగా ధార వాటిని కడిగేస్తుంది. ఆపుకుంటే కడిగేవాళ్ళుండరు.

"నేనెవర్నీ నీళ్ళు తాగొద్దనలేదు కదండీ" అన్నాను. "అనలేదు. లేవడానికి వీల్లేకపోతే వాళ్ళంతట వాళ్ళే తాగడం మానేస్తారు" అన్నారావిడ. నిజమే. నేనే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క గ్లాసు తాగేదాన్ని. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, అందులో ఉప్పులు పేరుకుని రాళ్ళవుతాయి. కాజాల వదినకు అదే అయింది. గుండీలకు కాజాలు కుట్టే మా వదిన, అదిగో, తలుపు దగ్గర కుర్చీలో ఉంది. రాయి జారి గొట్టంలో ఇరుక్కుంది. పైనుంచి వచ్చేది దిగే దారి లేక కుడి కిడ్నీ వాచిపోయింది, దాని మీద ఇన్ఫెక్షను. ఆసుపత్రిలో ఆ గొట్టంలోకి చిన్న నాళం వేసి పంపారు. ఆ కిడ్నీ ఏపాటి పనిచేస్తుందో ఇంకో రెండు నెలలకు గాని చెప్పలేమన్నారట.

ఆవులిస్తే పేగులు లెక్కపెడుతుందని నాకు పేరు. పేగులు లెక్కపెట్టాను గానీ, ఆ వెనకే ఉన్న కిడ్నీలు నాకు కనబడలేదు.

అయినా ఇందాకటిదాకా ఒక మాటతో మనసుకు సర్దిచెప్పుకున్నాను. రూలు కంపెనీది, నేను అమలుచేశాను, అంతే. ఇప్పుడు బాబాయి చెవిలో అన్న మాట చెబుతాను. చెక్క వైపు చూసి నవ్వి, "ఇదింకా ఉందా అమ్మాయ్? ఎడంపక్క బాత్రూముకు గడియ ఊడిపోతే లోపల్నించి అడ్డం పెట్టుకోడానికి నేనే చెక్కాను కదా!" అన్నాడు.

(చెక్కను పైకెత్తి చూపిస్తూ)

తలుపు గడియండీ ఇది. నేను సూపర్‌వైజరుగా వచ్చేనాటికే నాకంటే ముందున్నావిడ ఉద్యోగం మానేసి వెళ్ళిపోయింది. మేకుకు చెక్క కనిపించింది. "ఇదేంటమ్మా?" అంటే, "వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళాలక్కా" అంది ఎవరో. ఆ పిల్ల సరిగ్గానే చెప్పింది. నేనే ఒక్క చెక్క కాబట్టి ఒక్క మనిషి అని లెక్క కట్టాను. ఆ నెలలోనే బాబాయి కొత్త గడియ బిగించాడట. చెక్క మాత్రం మేకుకే ఉండిపోయింది, నేను దానికి రూలు కట్టాను. బాబాయి వేదిక దిగగానే ఇక్కడే కూర్చుని మేనేజరు గారిని అడిగాను, ఈ రూలు ఎక్కడ రాసి ఉందండీ అని. "ఏ రూలు? అది మీ పద్ధతి అనుకున్నామే" అన్నారు. ఉన్నవి రెండు బాత్రూములు. ఇరవై ఆరేళ్ళు ఒకటి ఖాళీగా ఉంది. అది అద్దంలా మెరుస్తోందని వచ్చినవాళ్ళకల్లా చూపించి గొప్పలు పోయాను.

నర్సమ్మ గారు తల అడ్డంగా ఊపుతున్నారు. రాళ్ళకు కారణాలు సవాలక్ష, అంతా మీ తలకెత్తుకోకండి అని ఇందాకే చెప్పారు. దయగల మాట. కానీ నా మనసు చల్లబడలేదండీ. నేను ఇక్కడి నుంచి ఇంకొకటి చూస్తున్నాను. సభ మొదలై రెండు గంటలైంది. వాచ్‌మన్ తాత మూడుసార్లు బయటికి వెళ్ళొచ్చాడు, ప్రొస్టేటేమో తాతా, చూపించుకో. (నవ్వులు) మా ఆయన ఒకసారి వెళ్ళాడు. నా లైనులో ముప్పై నాలుగు మందిలో ఒక్కరు కూడా లేవలేదు. ఎందుకు లేవలేదో నాకిప్పుడే అర్థమైంది. చెక్క ఇక్కడ బల్ల మీద ఉంది, దానికి రిబ్బను కట్టి ఉంది. అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

కొత్త సూపర్‌వైజరమ్మా, చెయ్యి చాపకు తల్లీ, ఇది నీకివ్వను. బాబాయ్, నీ చెక్క నువ్వు తీసుకో. ఇంట్లో ఏ కిటికీకైనా పనికొస్తుంది. మేనేజరు గారూ, ఆ మేకు కూడా పీకించండి. ఉంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి తగిలిస్తారు.

క్షమించమని అడగను. అడిగితే మీరు వెంటనే క్షమించేస్తారు, మీరలాంటివాళ్ళు, అందుకే భయం. ఇన్నేళ్ళు నన్ను అక్కా అని పిలిచినందుకు, నా మాట విన్నందుకు... వినకుండా ఉంటే ఎంత బాగుండేది.

వదినా, ఎందుకు లేచి నిలబడ్డావు? ఎందుకలా నా వైపు చూస్తున్నావు? నన్ను చూడకు. తలుపు నీ వెనకే ఉంది, వెళ్ళు. వెళ్ళమ్మా.

ఇంకెవరైనా లేవాలనుకుంటే లేవండి. ఇద్దరిద్దరు వెళ్ళండి, రెండు గదులున్నాయి. మీరు నడిచి వెళ్తుంటే చూస్తూ నిలబడతాను. నాకది చాలు. సెలవు.