వందనాలండీ

పరిచయం లేదంటవా? ఆ మాట అననీకి నోరెట్లొచ్చిందే సాయిప్రియా నీకు?

చెయ్యి తీయి. నీ టీ వద్దు, ఏం వద్దు. మణుగూరు బస్సు వచ్చేలోపల ఏమన్న చెప్పేదుంటే ఇక్కడ్నే చెప్పు. నేల చూస్తవేందే? ఇందాక హాల్ల గూడ గట్లనే చూసినవ్.

ఖమ్మంల ఈవెంట్లు చేసేటోళ్ళ మీటింగున్నది ఫ్లోరెన్స్, పెద్దోళ్ళొస్తరు, నలుగురికి పరిచయం చేస్త అని నన్ను తోల్కొచ్చిందెవరు? నువ్వే గదా! పెండ్లిళ్ళల్ల మైకు పట్టుకొని యాంకరింగ్ చేసుకునేదాన్ని. ఒకరి కింద నౌకరీ గాదు, ఎవరన్న పిలిస్తేనే పని. ఫ్రీలాన్స్ అంటే ఫ్రీగ వస్తదనుకునేటోళ్ళే సగం మంది. సీజన్ పోయిందంటే ఫోన్ మోగనే మోగదు. పరిచయాలుంటేనే పని అన్నవ్, నిజమే అనుకొని వచ్చిన.

పేరు గూడ నువ్వే పెడితివి. ఫ్లోరెన్స్ అంటే హిందువుల పెండ్లిళ్ళకు ఎవరు పిలుస్తరే, కార్డు మీద పల్లవి అని వేయించుకో అన్నవ్. వేయించుకున్న. పొద్దున బొట్టు నువ్వే పెట్టినవ్, మేకప్ నీ పనే గదా. మంచిగనే పెట్టినవ్.

ఆ జయప్రకాశ్ సారొచ్చిండు. బూర్గంపాడుల కాబోయే పెద్ద పెండ్లి మొత్తం ఆయన చేతులనే ఉన్నదంటివి. నేను రెండు చేతులు జోడిచ్చి ఏమన్న? ‘వందనాలండీ!’ అయ్యో నా నోరు పాడుగాను! పుట్టినకాడి నుంచి చర్చిల అన్న మాటాయె. పాస్టరుకు వందనాలు, అత్తకు వందనాలు, తొవ్వల ఎదురైనోళ్ళకు వందనాలు. నమస్కారం, నమస్కారం అని బస్సుల వచ్చినంతసేపు బట్టీ కొట్టిన. తీరా ఆయన ముందట నిలబడేసరికి అదే వచ్చె.

ఆయన నవ్వు ఆగిపోయింది. ‘ఓ, మీరు వాళ్ళా?’ అన్నడు. వాళ్ళంటే ఎవరే?

పోనీ, ఆయనెవరో, నేనెవరో. నీ దిక్కు తిరిగి ‘మీ దోస్తా?’ అనడిగిండు సూడు, అప్పుడు అవ్ అంటే నీ సొమ్మేం పోయేదే? ‘లేదు సార్, నాకంత పరిచయం లేదు’ అన్నవ్. మీ నాయిన దవాఖానల ఉన్నప్పుడు మా అమ్మ విశ్రాంతమ్మ నీకు అన్నం కలిపి ముద్దలు పెట్టింది. పరిచయం లేదా? సిగ్గనిపియ్యలేదా నీకు?

ఏడ్వకు! కాటుక కారుతది, మళ్ళ ఎవరన్న పెద్దోళ్ళు చూస్తరు.

ఆగు, అయిపోలేదు. నువ్వు భోజనాల కాడ ఉన్నప్పుడు ఆయన మళ్ళ నా దగ్గరికొచ్చిండు. ‘గొంతు బాగుందమ్మా నీది. నాకేం పట్టింపు లేదు, పెండ్లోళ్ళకే పట్టింపు. పల్లవి లెక్కనే రా. మీ ఇంటోళ్ళు ఎవ్వరూ అటు రావద్దు. ఎవరన్న అడిగితే చర్చి గిర్చి తెల్వదను, పని నీకే ఇస్త’ అన్నడు.

నేనేమన్ననో అడగవేందే?

సరే సార్ అన్న.

అవ్, అన్న! కాదంటే మళ్ళ నన్నెవరు పిలుస్తరు? నేను మైకు పట్టుకున్న ప్రతి పెండ్లికీ చూడనీకి వచ్చే మా అమ్మకు రావద్దని ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు గని, చెప్త.

ఇగ నిన్నేమని తిట్టాలె? నువ్వన్నది ఒక్క మనిషితోని, అదీ మెల్లగ. నేనైతే మైకు పట్టుకొని, నవ్వుకుంట, ఊరందరి ముందట ఫ్లోరెన్స్ అనే మనిషే లేదని చెప్పొస్తనే.