ప్రెసిడెంటు గారి కువైట్

రాజోలు దగ్గర ఒక పల్లె. పంచాయతీ ఆఫీసులో సర్పంచ్ రాహేలు, ఆమె పేటకే చెందిన మమత.

“పెట్టనని చెప్పేను కదే.”

“ఒక్క సంతకమేనండి. మా ఇష్టం మీదే వెళ్తున్నామని ప్రెసిడెంటు గారు లెటర్ ఇస్తే చాలన్నారు సత్తియ్య గారు.”

“ఏ సత్తియ్య? ఏజెంటా?”

“ఆయ్. మనూళ్లోంచి ఏడుగురమండి. నెలాఖరుకి కువైట్.”

“ఏడుగురా! ఏం పనికి?”

“ఇళ్లల్లో పనికేనండి.”

“వీసా?”

“ముందు విజిటింగ్ మీద వెళ్తే, అక్కడికెళ్లేక మారుస్తారంటండి.”

“మారుస్తారు, మారుస్తారు. నువ్వు డిగ్రీ చదివేవు కదే మమతా?”

“చదివేనండి. చదివి, రొయ్యల షెడ్డులో తలకాయలు తీస్తున్నాను.”

“అదే చేసుకో. సాయంత్రానికి ఇంటికొస్తావు.”

“మీరు మాత్రం వెళ్లలేదేంటండి?”

“నా సంగతి వేరు.”

“ఏం వేరండి? మీ నాన్నగారూ మా తాతగారూ ఒకే రైతు దగ్గర పాలేర్లు. మీరు వెళ్లేరు, నర్సు పని చేసేరు, పదకొండేళ్లకి తిరిగొచ్చేరు, ప్రెసిడెంటయ్యేరు. ఎలక్షన్ల కరపత్రం నాకు నోటికొచ్చండి.”

“కరపత్రంలో వంద రాస్తారే.”

“సత్తియ్య గారి ఆఫీసులో మీ ఫోటో కూడా ఉందండి.”

“నా ఫోటోనా?”

“ఆయ్. గోడకి, ఇంత పెద్దది. ప్రమాణస్వీకారం నాటిది, మెడలో దండతోటి. కువైట్ వెళ్లిన ఆడపిల్ల ఏమవుతుందో చూడండి అని కింద రాయించేరు. మా అమ్మ అది చూసే ఒప్పుకుందండి.”

“నన్నడక్కుండానే...”

“మీరే ఇచ్చేరనుకున్నామండి. ఏంటండీ, అలా అయిపోయేరు? నీళ్లు తాగండి.”

“నీళ్లొద్దు. ఆ తలుపు దగ్గరగా వెయ్యి.”

“బయట ఎవరూ లేరండి.”

“ఉన్నా లేకపోయినా వెయ్యి. నేను నర్సుని కాదే.”

“మరి?”

“పనిమనిషిని. మూడంతస్తుల ఇల్లు, పద్నాలుగు మంది జనం. వెళ్లిన రోజే పాస్‌పోర్టు లాక్కున్నారు. రెండేళ్లు ఆ గుమ్మం దాటలేదు. జీతం అడిగితే ఇస్త్రీపెట్టె తెచ్చి చేతి మీద పెట్టింది ఆ ఇంటావిడ.”

“ఆ మచ్చ... వంటింట్లో కాలిందన్నారు కదండీ?”

“అన్నాను.”

“ఆ కుంటే కాలు కూడా అక్కడిదేనాండి? స్కూటర్ మీంచి పడ్డారని...”

“మేడ మీంచి దూకేను.”

“అమ్మో.”

“ఎవరో మలయాళీ టాక్సీ ఆయన ఎత్తుకెళ్లి ఆస్పత్రిలో చేర్చేడు. అక్కణ్ణించి మన ఎంబసీ వాళ్ల షెల్టర్‌కి. నాలాంటివాళ్లు అరవై మంది అక్కడ. మలికిపురం, మామిడికుదురు, మన రాజోలు... ఇరవై మంది మనవాళ్లే. సగం మందికి సంతకం రాదు. టెన్త్ దాకా చదివేను కదా, అర్జీలు నేనే రాసేదాన్ని. అరబ్బీ కూడా వచ్చేసింది.”

“ఎవరు నేర్పేరండి?”

“ఆ ఇంటావిడే. ముందు తిట్లు వచ్చేయి, తర్వాత మాటలు వచ్చేయి.”

“నవ్వొస్తోందండి. తప్పేమో.”

“నవ్వు, పర్లేదు. నాలుగో నెల్లోనే నా కాగితాలు వచ్చేసేయి. టిక్కెట్టు కూడా ఇస్తామన్నారు. నేనెళ్లిపోతే వీళ్లకి రాసేవాళ్లెవరు? ఓ క్లినిక్‌లో గదులు తుడిచే పని చూసుకుని ఉండిపోయేను. శుక్రవారం వస్తే షెల్టరే. తొమ్మిదేళ్లు. రెండొందల పైచిలుకు మందిని విమానం ఎక్కించేను మమతా. అందులో నలుగుర్ని పెట్టెల్లో.”

“మరి ఇది కదండీ కరపత్రంలో వెయ్యాల్సింది!”

“మన పేట పెద్దలు వద్దన్నారు. మేడ దూకి పారిపోయిందంటే బాగుండదమ్మా, షెల్టరంటే ఇంకేదో అనుకుంటారు, నర్సంటే గౌరవంగా ఉంటుంది అన్నారు.”

“మీరు ఊరుకున్నారా?”

“గౌరవమంటే నాకూ ఆశే కదే.”

“ఆ రెండొందల మందైనా చెప్పరా మీ గురించి?”

“ఎలా చెప్తారు? ఎవరూళ్లో వాళ్లు నర్సులే.”

“...సరేనండి, నేను ఆగుతాను. మిగతా ఆరుగురికీ మీరే చెప్పండి. ఆదివారం చర్చి అయ్యేక, మైకులో.”

“మైకులోనా! నీకేం తెలుస్తుందే... మళ్లీ ఎలక్షన్లు వస్తున్నాయి. అబద్ధాలకోరంటారు. నువ్వే చెప్పు వాళ్లకి, మెల్లిగా.”

“నేను చెప్తే నమ్మరండి. రొయ్యల షెడ్డు మనిషిని. గోడ మీదున్నది మీరు.”

“ఆ ఫోటో తీయించేస్తాను.”

“తీయిస్తే ఇంకోటి పెడతారు. పోనీ, సంతకం పెట్టెయ్యండి. నేనూ వెళ్తాను. వెళ్లి నాలుగు తన్నులు తినొచ్చి, నర్సునని చెప్పుకుంటాను.”

“నోర్ముయ్.”

“ఆయ్.”

“...సత్తియ్య ఆఫీసు ఎంతవరకూ తీసుంటుంది?”

“సాయంత్రం ఆరింటి దాకానండి. ఇప్పుడు పిల్లలందరూ అక్కడే ఉంటారు, మెడికల్ కాగితాలిస్తున్నారు. ఎందుకండి?”

“ఆటో పిలువు.”

“ఫోటో తీయించడానికాండి?”

“ఉండనీ. నన్ను గోడెక్కించేడు కదా, కింద కుర్చీ కూడా వెయ్యమందాం. రేపట్నించి నా ఆఫీసు అదే. వచ్చిన ప్రతి పిల్లకీ ముందు ఆ ఫోటో చూపిస్తాను, తర్వాత ఈ కాలు చూపిస్తాను.”