కనకయ్య గాలి తీసిన బండి

మధురానగర్‌లో చాంద్ బీ చాయ్ కొట్టు ముందు మెకానిక్ కనకయ్య రెండో చాయ్ మీదున్నాడు. తారక్ మాత్రం మొదటి గ్లాసే ముట్టలేదు. పదకొండింటికి పంజాగుట్టలో అతనికి ఇంటర్వ్యూ. ఆర్నెల్లు తిరగ్గా వచ్చిన ఒకే ఒక్క పిలుపు. ఊరికే వేడెక్కుతున్న అతని బైకులో ఇంజన్ను చల్లబరిచే కూలెంట్ మారుస్తానని పొద్దున తీసుకుపోయిన కనకయ్య, దాన్ని తెచ్చి రోడ్డవతల నిలబెట్టి, తాళం ఇవ్వకుండా కథ ఎత్తుకున్నాడు.

"పాతది వంపేసి కొత్త కూలెంట్ పోసిన. గంత మాత్రం ఎవడన్న చేస్తడు తమ్మీ. అసలు పని లోపలి గాలి తీసుడు. రేడియేటర్ మూత తీసి, ఇంజన్ స్టార్ట్ చేసి, బుడగలు ఆగేదాంక చూడాలె. నీ బండిల ఆగుతనే లేవు. నేనే పరేషాన్. గాలి పైకే పోతది గదా, ముందు టైరు ఎత్తు మీద ఉండాలె. ఫుట్‌పాత్ ఎక్కించిన, సాల్లేదు. ఆఖరికి అమీర్‌పేట మెట్రో మెట్లెక్కించిన."

"నా బండినా?" తారక్ అదిరిపడ్డాడు.

"నీదే. సెక్యూరిటాయన సుత ఎనకనుంచి నూకిండు, పాపం. పైకి పోయినంక పైపు జర పిసికిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? గ్యాస్ సిలిండరంత బుడగ లేచింది. గా గాలికి కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలన్నీ పోయి యూసుఫ్‌గూడల పడ్డయి. హాస్టల్ పోరగాండ్లు ఆరేసుకున్న లుంగీలు ఇప్పటిదాంక దొరకలే. దాని ఎనకనే కూలెంట్ ఎగిరి, వచ్చే ట్రైన్ అద్దమంత పచ్చగ చేసింది. డ్రైవర్ వైపర్ ఏసి చూసి, ట్రైన్ ఆపిండు. 'కనకన్నా, నువ్వా? పని కానియ్, నేను ఆగుత' అన్నడు. లోపల మూడొందల మంది, ఒక్కడు కిక్కురుమనలే."

పాలు పొంగిపోతున్నా చాంద్ బీ చూసుకోలేదు. "యా అల్లా. మరి బండి ఏమైంది భాయ్?"

"ఏమైతది, లేచింది. రెండు టైర్లు గాల్లె, నేను ఎనక చక్రం పట్టుకొని ఏలాడుతున్న. ఎర్రగడ్డ రైతుబజార్ దాంక గట్లనే పోయినం. గక్కడ ఆఖరి బుడగ పోయింది, కొత్తిమీర కుప్ప మీద దిగినం. ఒక్క రెమ్మ సుత విరగలే."

"నువ్వు బండి తీస్కపోయి నలభై నిమిషాలే అయిందన్నా," అన్నాడు తారక్.

"గదే మరి నా స్పీడు. ఇగ గా బండి జన్మల వేడెక్కది. ఫికర్ లేకుంట పో," అంటూ కనకయ్య జేబులోంచి తాళం లాగాడు.

తాళంతో పాటు ఇంకోటి జారిపడి, దొర్లుకుంటూ చాంద్ బీ కాళ్ల దగ్గర ఆగింది. ఆమె వంగి తీసింది. గుండ్రటి ఇనుప మూత. లోపలి రబ్బరు ఇంకా తడిగా ఉంది.

"గిది దేని మూత భాయ్?"

కనకయ్య జేబు తడుముకున్నాడు. తారక్ రోడ్డవతలికి చూశాడు. సైడ్ స్టాండ్ మీద ఒరిగిన బండి కింద పచ్చటి మడుగు. పదిన్నర దాటింది.

"మూత పెట్టనే లేదా అన్నా?" అన్నాడు చిన్నగా.

చాంద్ బీ మూతను కనకయ్య అరచేతిలో పెట్టి, బల్ల మీదున్న తారక్ ఫైలు తీసి అతని చేతికిచ్చింది.

"జల్ది మెట్రోల పో బేటా. కనకయ్య పేరు చెప్పు, గా డ్రైవర్ నీ కోసం ఆగుతడు."