డబ్బాలో ఏటిమొక్క

పట్టిసీమ రేవులో పాపాయమ్మ టీ కొట్టు. బల్ల మీద నలుగురు చేరితే చాలు, చిట్టియ్య గొంతు లేస్తుంది. ముప్పయ్యేళ్లు లాంచీ నడిపే సరంగుగా చేశాడు. చూపు మందగించిందని ఓనరు పల్లంరాజు గారు దింపేసి మూడేళ్లయింది. ఎవరైనా అడిగితే మాత్రం "సెలవులో ఉన్నానండి" అంటాడు.

"పాపికొండల్లో వాగురాయిని కరుచుకున్న మొక్కండి, వరదలో దూకి పీక్కొచ్చాను. ఫెర్న్ అంటారంట. ఆకు వేలెడు వెడల్పుండదు. అంత సన్నగా ఉండేది ఏరు కోసెయ్యడం వల్ల కాదంట, కాలేజీ శాంతికుమార్ మాస్టారు చెప్పారు. లేతాకు సుడిలా చుట్టుకుని ఉంటుంది కదండీ, అప్పుడే అడ్డంగా పెరగడం ఆపేసి నిలువుగా సాగిపోతుందంట. అందుకే వరద చీల్చలేదు."

"వరదలోనే దూకేశావేంటి బాబాయ్?" అన్నాడు వీరబాబు. ఇప్పుడా లాంచీకి సరంగు అతనే.

"అలాంటిలాంటి వరదా అబ్బాయ్! నా మీసం సగం కొట్టుకుపోయింది. లాంచీలో నాతో ఉన్న బుల్లబ్బాయికైతే కనుబొమ్మలే పోయాయి. ఇంతలో లంగరు తెగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ సన్నాకుకే లాంచీ కట్టేశాను! ఎనభై మంది జనం, రెండు మేకలు, పెళ్లివారి బ్యాండుమేళం. మూడు రోజులు ఆకు చెక్కుచెదిరితే ఒట్టు. మేళంవాళ్లు వాయిస్తూనే ఉన్నారు."

"ఆయ్, మేకలు పాడాయా?" అన్నారెవరో.

రేవులో లాంచీ హారన్ కొట్టింది. చిట్టియ్య తల అటు తిరిగింది. ఆ హారన్ తన లాంచీదే. చేతుల్లో స్టీరింగ్ వణుకు గుర్తొచ్చింది. ఒక్కసారి, ఒక్క ట్రిప్పు చాలు అనిపించింది. గొంతు ఇంకా పెంచాడు.

"ఒడ్డున పాతానా, వరద భయం తీరింది కదండీ, ఆకు వెడల్పు తిరిగింది! నెలకి అరిటాకంత. రెండు నెలలకి ఒక్కాకు మీద యాభై మందికి భోజనాలు పెట్టాం. నిరుడు దాన్నే లాంచీకి టాపుగా కప్పి భద్రాచలం దాకా..."

పాపాయమ్మ కొట్టు వెనక్కెళ్లి, తుప్పుపట్టిన పాలపొడి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. "రోజూ నువ్వు నీళ్లు పోసేది దీనికే కదా అన్నయ్యా? ఏదీ, అరిటాకు చూపించు."

డబ్బాలో ఆకులన్నీ చిటికెన వేలంతే. బల్లంతా పగలబడి నవ్వింది. లాంచీ దిగిపోయిన రోజు తెచ్చుకున్న మొక్క అది. చూపు ఆనక, చిట్టియ్య కొత్తగా విప్పుకుంటున్న ఆకుని వేలితో తడిమాడు. అదీ సన్నమే.

"మూడేళ్లయింది కదా ఒడ్డుకొచ్చి," అన్నాడు మెల్లిగా. "చెంబుడు నీళ్లు తప్ప వరదన్నది ఎరగదు. ఇంకా ఏట్లోనే ఉన్నాననుకుంటుంది చెల్లెమ్మా."

రెండో హారన్ కొట్టారు. వీరబాబు గ్లాసు దించి లేచాడు. అతనితో పాటు చిట్టియ్యా గబుక్కున లేచాడు, ఖాళీ జేబులో లాంచీ తాళం కోసం వెతుక్కుంటూ.

"నువ్వనుకోవట్లేదేంటి అన్నయ్యా?" అంది పాపాయమ్మ.