బోర్డు మీది తేనె

గడివేముల నుంచి వచ్చిన హమీదాబీ, ఆళ్ళగడ్డలో బస్సు దిగీదిగగానే బండి దగ్గర షర్బత్ తాగి, గ్లాసును బండాయన ముందు ఠప్పున కొట్టింది.

"ఏందప్పా ఇది? బెల్లం పాకం!"

"నువ్విచ్చిన తేనెనే గదక్కా."

"నన్నారి సుగంధి వేర్లేసి నెల దినాలు ఎండలో పెట్టి నేనిచ్చిన తేనె నాకు తెలీదా? జాడీ చూపీ!"

"అది... ఉగాదికే అయిపాయ."

"మరి నా పేరెందుకు ఉంచినావు? తాగినోళ్ళు నన్ను గదా తిట్టుకునేది!"

"పేరా? యాడుందక్కా?"

"ఆ బోర్డు మీద! హమీదాబీ తేనె షర్బత్ అని!"

"నీకు చదువొచ్చునా?"

"పోయిన యేడు నేర్చుకున్నా. రాసేది గూడా వచ్చు. ఆ సుద్దముక్క ఇట్లియ్యి."

ఆమె 'హమీదాబీ తేనె' చెరిపేసి, ఆ చోట వంకర అక్షరాలతో 'బెల్లం' అని రాసింది.