మొహం పడమరకు

మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆస్పత్రి, ఆపరేషన్ గది. టేబుల్ మీద సోమల నుంచి వచ్చిన నాలుగేళ్ళ బిడ్డ, మత్తులో. తల దగ్గర మత్తు డాక్టరు మధుసూదన్, పక్కన నర్సు హేమలత.

"మళ్ళీ కుడి ఊపిరితిత్తిలోకే పోయింది సార్ కఫం లాగే గొట్టం."

"ఎందుకు పోతుంది? బిడ్డ మొహం ఎటు తిప్పినావు?"

"పడమరకే. గోడమీద మీ బోర్డులో ఉండేట్టే."

"మరింకేం? కఫం ఎడమ పక్క అడ్డం పడింది. ఎడమకు పోనీ."

"నేనేమన్నా పోనీకుండా పట్టుకోనుండానా సార్? ఆక్సిజన్ ఎనభై తొమ్మిది."

"కంగారు పడొద్దు. కుడి దారి నిటారుగా ఉంటుంది, గొట్టం అటే జారుతుంది. మొహం కుడికి తిప్పితే ఎడమకు పోతుంది. ఇది నా పద్ధతి. రేపు బెంగుళూరు సదస్సులో..."

"కుడికి కదా సార్? బోర్డులో పడమరని ఉండాది."

"రెండూ ఒకటే. కుడి అంటే మన కుడివైపా, బిడ్డ కుడివైపా అని మీరంతా కొట్టుకుంటా ఉంటే, నేనే పడమరని రాయించినాను. దిక్కు అందరికీ ఒకటే. మీ పుంగనూరు పడమర వేరా?"

"దిక్కు అదే సార్. టేబులే తిరిగింది."

"ఏమంటావు?"

"మొన్న శుక్రవారం చైర్మన్ సార్ వాస్తు ఆయన్ని పిలిపించ్లేదా? తల ఉత్తరానికి ఉండకూడదని, దక్షిణానికి వచ్చేట్టు టేబుల్ తిప్పించేసినారు. ఇప్పుడు పడమరంటే బిడ్డకు ఎడమ."

"నాకెవరూ చెప్పలేదే!"

"మీరు తల దగ్గరే నిలబడుండారు కదా సార్."

"నేను బిడ్డను చూడాలా, దిక్కులు చూడాలా?"

"ఎనభై అయిదు. తూర్పుకు తిప్పేదా?"

"ఆగు. బోర్డుకు వ్యతిరేకంగానా? సదస్సుకు రాసే లెక్కలో ఆఖరి కేసు ఇది. రేపు స్టేజీ మీద ఏం చెప్పాలి?"

"ఎనభై రెండు సార్."

"టేబుల్ వెనక్కి తిప్పిస్తే?"

"బిడ్డతోనా!"

"ఊరికే అడిగినాలే."

"బయట వాళ్ళమ్మ అర్చన నిలబడుండాది. ఆయమ్మకేం చెప్పల్ల, దిక్కు కుదర్లేదనా? నేను తిప్పతాండాను."

"హేమలతా!"

"తిప్పేసినా. పోతాంది... పోయింది సార్, ఎడమకే. సూడండి, ఎంత కఫమో."

"ఆక్సిజన్? ఆక్సిజన్ చెప్పు."

"తొంభై. తొంభై నాలుగు... తొంభై ఎనిమిది."

"చెప్పలేదా? నా పద్ధతి తప్పదు."

"తప్పదు సార్."

"షీటులో 'పడమరకు తిప్పడమైనది' అని రాయి."

"తిప్పింది తూర్పుకు కదా సార్."

"ఒక్క బిడ్డ కోసం ఫలితాలన్నీ పాడు చేయకమ్మా. కుప్పంలో ఒక ఆస్పత్రికి ఇదే బోర్డు పంపించినా. నలభై మంది పిల్లలకు మొహం పడమరకు తిప్పినారు, నలభై మందికీ సక్సెస్ అని రాసి పంపినారు. అట్లుండాలి పని."

"మిషన్ రోడ్డు పక్కన ఉండేదా సార్? నేను ఆడ రెండేండ్లు చేసినాను."

"అయితే?"

"ఆడ బిడ్డల తలే పడమరకుంటాది. మొహం పక్కకు తిప్పితే ఉత్తరమో దక్షిణమో అవతాది, ఇంక పడమరకు యాడ తిప్పుతారు సార్?"

"నలభైకి నలభై అంటే ఎవరికైనా అనుమానం వస్తుంది హేమలతా. ముప్పై ఎనిమిది అని దిద్దు."